ఎనిమిదో వంతుగా కనపడిన డిస్కు

నాలుగు టీబీ హార్డ్‌డిస్క్. లినక్స్‌లో డిస్కుల పట్టిక చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ ఇస్తే డిస్కు సైజు 3.6టీ అని సరిగ్గానే వస్తోంది. దాని కింద ఒకే ఒక్క పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం), సైజు 465.8జీ. మౌంట్ చేయబోతే, అంటే తెరిచి చదవబోతే, ఎక్కదు. రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్ అని ఒకే వాక్యంలో అన్ని అనుమానాలూ చెప్పి ఊరుకుంటుంది.

ఈ రెండు అంకెలు మీకెప్పుడైనా ఇలా ఒకదాని కింద ఒకటి కనపడితే, దయచేసి ముందు ఏ బటనూ నొక్కకండి. 465.8ని 8తో గుణించండి. 3726 జీబీ వస్తుంది. దాన్ని 1024తో భాగిస్తే 3.6 టీబీ. అంటే పార్టిషన్ డిస్కులో కచ్చితంగా ఎనిమిదో వంతుగా కనపడుతోంది. ఏ పార్టిషన్ ఎక్కడ ఉందో రాసి ఉండే పార్టిషన్ టేబుల్ నిజంగా చెడిపోతే అందులో చెత్త అంకెలుంటాయి, ఇంత శుభ్రంగా లెక్క కుదరదు. లెక్క కుదిరిందంటే టేబుల్ బాగానే ఉంది, దాన్ని చదివే కొలత మారింది.

అనంతపురంలో సుభాష్ రోడ్డు దగ్గర మా చిన్నమ్మ కొడుక్కి ఫోటో స్టూడియో ఉంది. నేను ఇదే ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటాను కాబట్టి స్టూడియోలో ఏ మెషిన్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. ఈసారి వాడి గొంతులో మామూలు కంగారు కాదు.

"అక్కా, పెద్ద డిస్కు పెట్టె చచ్చిపోయింది. లోపలి డిస్కు బయటికి తీసి కేబులేసి ల్యాప్‌టాప్‌కు పెడితే తిరుగుతానే ఉండాది గానీ ఫార్మాట్ చెయ్యమంటాది. చెయ్యల్నా?"

"చెయ్యొద్దురా. క్యాన్సిల్ కొట్టి కేబుల్ పీకెయ్. నేనొచ్చేదాకా దాన్ని దేనికీ పెట్టొద్దు."

ఆ డిస్కు ఏమిటో చెప్పాలి. మూడున్నర అంగుళాల డిస్కును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, 12 వోల్టుల అడాప్టరుతో, యూఎస్‌బీ కేబుల్‌తో అమ్ముతారు కదా, ఆ రకం. కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం డబ్బాలో ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు కాలిపోయింది. డిస్కుకు ఏమీ కాలేదు. కానీ అందులో ఏముందంటే, ధర్మవరం, తాడిపత్రి, కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు వాడు తీసిన పెళ్ళిళ్ళన్నీ. కొన్నిటికి కరిజ్మా ఆల్బమ్ ఇచ్చేశాడు. కొన్నిటికి పెళ్ళివాళ్ళు ఇంకా ఫోటోలు ఏరి ఇవ్వలేదు. పెన్నహోబిలం గుళ్ళో జరిగిన ఒక పెళ్ళికైతే వీడియో ఎడిటింగ్ కూడా మొదలుపెట్టలేదు. ప్రతి పెళ్ళికీ ఒక ఫోల్డరు, దాంట్లో నలుగు, ముహూర్తం, రిసెప్షన్, డ్రోన్ అని లోపలి ఫోల్డర్లు. కెమెరా పెట్టే పేర్లు అన్ని పెళ్ళిళ్ళకీ ఒకేలా ఉంటాయి. కాబట్టి ఫోల్డర్ల పేర్లు పోతే ఏ తలంబ్రాలు ఎవరివో కూర్చుని మొహాలు చూసి పోల్చుకోవాలి. ఒక కంప్యూటర్ షాపులో వాడికి ఇస్తామన్నది అదే: రికవరీ సాఫ్ట్‌వేర్ పెడతాం, ఫోటోలు వస్తాయి, పేర్లు రావు, డబ్బు ముందే కట్టాలి. అంత దూరం పోవాల్సిన పని లేదని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

స్టూడియో వెనక గదిలో బ్యాకప్ కోసమని నేను పెట్టించిన ఒక పాత పీసీ ఉంది, దాంట్లో ఉబుంటు. కేబుల్ అడాప్టర్లను పక్కనపెట్టి డిస్కును నేరుగా మదర్‌బోర్డు సాటా పోర్టుకు తగిలించాను. యూఎస్‌బీ అడాప్టరు మధ్యలో ఉంటే అది తన సొంత అబద్ధాలు కలపవచ్చు. ఈ కథంతా అలాంటి ఒక అబద్ధం గురించే.

బూట్ అవగానే చేసింది రెండు పనులు. బ్లాక్‌డెవ్ కమాండ్‌తో డిస్కును రీడ్-ఓన్లీగా మార్చాను. తర్వాత స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూశాను. ఆ పెద్ద పట్టికలో నేను ముందు చూసేది రెండు వరసలు: 5వ నంబరు రీఎలొకేటెడ్ సెక్టర్లు (చెడిపోతే వేరేచోటికి మార్చినవి), 197వ నంబరు పెండింగ్ సెక్టర్లు (చదవడం అనుమానంగా ఉన్నవి). సెక్టర్ అంటే డిస్కు ఒకసారి చదివే, రాసే చిన్న ముక్క. రెండూ సున్నా. ఇవి సున్నా కాకపోయి ఉంటే నేను పార్టిషన్ జోలికే పోయేదాన్ని కాదు. ముందు డీడీరెస్క్యూతో మొత్తం డిస్కును ఇంకో డిస్కు మీదికి దించి, ఆ నకలు మీదే మిగతా పని చేసేదాన్ని. చెడిపోతున్న డిస్కు మీద ప్రయోగాలు చేస్తే, ప్రతి ప్రయోగానికీ అది ఇంకొంచెం చెడుతుంది. ఈ వరస మాత్రం ఎవరూ మార్చకూడదని నేను గట్టిగా నమ్ముతాను: ముందు డిస్కు ఆరోగ్యం, తర్వాత పార్టిషన్, ఆ తర్వాతే ఫైల్‌సిస్టమ్, అంటే ఫైళ్ళ పేర్లు, ఫోల్డర్ల అమరిక.

ఆరోగ్యం బాగుంది. ఎఫ్‌డిస్క్‌తో టేబుల్ చూశాను. పాత ఎంబీఆర్ రకం టేబుల్. ఒక్క పార్టిషన్, రకం 7 అంటే విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్, మొదలయ్యేది 256వ సెక్టర్ దగ్గర. సైజు 465.8జీ. ఆ మొదలు నంబరు చూడగానే అనుమానం బలపడింది. ఈమధ్య పార్టిషన్ చేసే ప్రోగ్రామ్ ఏదైనా చాలావరకు మొదటిది 2048వ సెక్టర్ దగ్గర మొదలుపెడుతుంది. 512 బైట్ల సెక్టర్లలో 2048 అంటే సరిగ్గా ఒక ఎంబీ. ఇక్కడేమో 256. 2048లో అదీ ఎనిమిదో వంతే.

ఇక్కడ ఎంబీఆర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది. డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో, 446వ బైటు నుంచి పార్టిషన్ టేబుల్ ఉంటుంది. నాలుగు గడులు, ఒక్కో గడి 16 బైట్లు, మొత్తం 64. చివరి రెండు బైట్లు 55, ఏఏ అనే గుర్తు. ఒక్కో గడిలో పార్టిషన్ రకం, అది ఎక్కడ మొదలవుతుందో 4 బైట్లలో, ఎంత పొడుగో ఇంకో 4 బైట్లలో రాసి ఉంటుంది. ఐబీఎం 1983లో 10 ఎంబీ హార్డ్‌డిస్కుతో పీసీ ఎక్స్‌టీని తెచ్చినప్పుడు, దానితో వచ్చిన డాస్ 2.0 నాటి ఏర్పాటు ఇది. ఇప్పటికీ అదే.

ఈ గడిలో మొదలు 256 అని ఉంటుంది, పొడుగు ఇంత అని ఉంటుంది. ఏమి 256? సెక్టర్లు. సెక్టర్ అంటే ఎన్ని బైట్లు? అది మాత్రం టేబుల్‌లో ఎక్కడా రాయరు. పాత ఎఫ్ఎంబీలో (పొలాల కొలతల పుస్తకంలో) ఒక గట్టు పొడుగు 256 అని రాసి, లింకులో మీటర్లో చెప్పకుండా వదిలేసినట్టు. కొలిచినవాడి చేతిలో ఏ గొలుసు ఉందో తెలిస్తేనే ఆ అంకెకు అర్థం. డిస్కుల విషయంలో ఆ సంగతి చెప్పేది డిస్కే. తగిలించగానే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని అడుగుతుంది, నీ సెక్టర్ ఎంత అని. అది 512 అంటే 512, 4096 అంటే 4096. ఆ మాట పట్టుకునే టేబుల్‌లో అంకెలను కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, బైట్లుగా మార్చుకుంటుంది.

డిస్కు ఒక్కటే, మరి మాట ఎందుకు మారింది? మధ్యలో డబ్బా మాట్లాడింది కాబట్టి. బయటి డబ్బాలో ఉన్న యూఎస్‌బీ చిప్ కంప్యూటర్‌కు నా సెక్టర్ 4096 బైట్లు అని చెప్పేది. డబ్బా పోయాక డిస్కు సొంతంగా నా సెక్టర్ 512 అంటోంది. పార్టిషన్ చేసింది డబ్బాలో ఉన్నప్పుడు, చదువుతున్నది డబ్బా లేకుండా. ఎనిమిది రెట్ల తేడా అక్కడి నుంచి వచ్చింది.

డబ్బా అలా ఎందుకు చెప్పింది అంటే దానికో మంచి కారణమే ఉంది. ఎంబీఆర్ గడిలో అంకెకు 4 బైట్లే చోటు. నాలుగు బైట్లలో పట్టే అంకెలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. దాన్ని 512తో గుణిస్తే 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. రెండు టీబీ దాటిన డిస్కులు వచ్చిన రోజుల్లో చాలామంది ఇళ్ళలో ఇంకా విండోస్ ఎక్స్‌పీ ఉండేది. 32 బిట్ల ఎక్స్‌పీకి జీపీటీ (ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త రకం టేబుల్) డిస్కులు చదవడం రాదు. కొత్త డిస్కు కొనుక్కెళ్ళినవాళ్ళ పాత కంప్యూటర్లో అది పనిచెయ్యాలి కదా. అందుకని డబ్బాలోని చిప్ ఎనిమిదేసి సెక్టర్లను కలిపి ఒక్కటిగా చూపించింది. సెక్టర్ 4096 అయితే అవే నాలుగు బైట్లలో 16 టీబీ దాకా పడుతుంది. ఆ కాలానికి అది తెలివైన పనే, దాన్ని తప్పు పట్టలేను. కానీ ఆ డబ్బా ఒకరోజు కాలిపోతుందని, అప్పుడు లోపలి డిస్కును విడిగా చదవాల్సి వస్తుందని ఎవరైనా ఆలోచించి ఆ అట్ట మీద ఒక్క ముక్క రాసి ఉంటే ఎంతమందికి గుండెదడ తప్పేదో.

ఇందులో ఇంకో మెలిక. ఈ డిస్కు లోపల నిజంగా సమాచారం రాసేది 4096 బైట్ల దిమ్మలుగానే. 2011 ప్రాంతం నుంచి వచ్చిన డిస్కులు చాలావరకు అంతే, దాన్ని అడ్వాన్స్‌డ్ ఫార్మాట్ అంటారు. పాత సాఫ్ట్‌వేర్ కోసం బయటికి 512 అని చెప్తాయి. అంటే డిస్కు 4096ను 512గా చూపిస్తే, డబ్బా ఆ 512ను మళ్ళీ 4096గా చూపించింది. ఎల్ఎస్‌బీఎల్‌కేలో ఫిజికల్ సెక్టర్, లాజికల్ సెక్టర్ అని రెండు నిలువు వరసలు అడిగి తెప్పించుకోవచ్చు. ఈ డిస్కుకు 4096, 512 అని చూపించింది. టేబుల్ అంకెలను బైట్లుగా మార్చేది రెండోది, లాజికల్ సెక్టర్.

ఇదంతా నా ఊహ. ఊహ మీద పెళ్ళిళ్ళ ఫోటోలు పెట్టి ఆడకూడదు కాబట్టి రుజువు కావాలి. అదృష్టం కొద్దీ ఈ డిస్కును డబ్బాతో సహా ఇదే పీసీకి ఇంతకుముందు తగిలించి ఉన్నాడు. లినక్స్ లాగులు చూపించే జర్నల్‌సీటీఎల్‌లో, ఇంతకుముందు పీసీ ఆన్ చేసినప్పటి కెర్నల్ సందేశాలు వెతికాను. దొరికింది. డబ్బాతో ఉన్నప్పుడు కెర్నల్ రాసుకున్నది: 4096 బైట్ల లాజికల్ బ్లాకులు 97 కోట్ల 67 లక్షల 54 వేల 646. ఇప్పుడు నేరుగా తగిలించినప్పుడు రాసుకున్నది: 512 బైట్ల లాజికల్ బ్లాకులు 781 కోట్ల 40 లక్షల 37 వేల 168. మొదటిదాన్ని 8తో గుణించండి, రెండోది వస్తుంది, ఒక్క బ్లాకు తేడా లేకుండా. డబ్బా డిస్కు చివర ఏమీ దాచుకోలేదని కూడా దీనితోనే తేలింది. కొన్ని డబ్బాలు చివర కొన్ని సెక్టర్లు తమకోసం అట్టిపెట్టుకుంటాయి.

లినక్స్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుణం ఇది. అది చూసింది చూసినట్టు రాసిపెట్టుకుంటుంది. ఎర్రర్ వచ్చిన రోజు లాగ్ ఒక్కటే చూసి వదిలేస్తారు మా ల్యాబ్‌లో పిల్లలు. బాగా పనిచేసిన రోజు లాగ్ కూడా తీసి పక్కన పెట్టుకోండి అని నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను. తేడా అక్కడ దొరుకుతుంది.

రెండో రుజువు డిస్కు మీదే ఉంది. 256ను 4096తో గుణిస్తే 10,48,576. అంటే ఒక ఎంబీ దగ్గర ఎన్‌టీఎఫ్ఎస్ మొదలవ్వాలి. డిస్కు మీది బైట్లను ఉన్నవున్నట్టు చూపించే హెక్స్‌డంప్‌కు ఆ చోటు చెప్పి 512 బైట్లు చూపించమన్నాను. మొదటి మూడు బైట్లు ఈబీ, 52, 90. వాటి వెంటే ఎన్‌టీఎఫ్ఎస్ అన్న నాలుగు అక్షరాలు స్పష్టంగా. ఇంకో రెండు బైట్లు కూడా చూశాను, మొదటి నుంచి 11వ స్థానంలో ఉండేవి. ఈ ఫైల్‌సిస్టమ్‌కు సెక్టర్ ఎంతో అక్కడ రాసి ఉంటుంది. 00, 10 అని ఉంది. తక్కువ విలువ బైటు ముందు వస్తుంది కాబట్టి తిప్పి చదవాలి, హెక్స్‌లో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో) 1000, అంటే 4096. పార్టిషన్ టేబుల్ చెప్పని కొలతను ఫైల్‌సిస్టమ్ చెప్పింది.

పక్కనే నిలబడి చూస్తున్న వాడికి ఆ అంకెలు ఏమీ అర్థం కాలేదు గానీ నా మొహం చూసి, "ఉండాయా అక్కా?" అన్నాడు.

"ఉండాయిరా. టీ తెప్పించు."

ఇక తెరిచే పని. కెర్నల్‌కు ఈ డిస్కును 4096 సెక్టర్లతో చదవమని చెప్పాలి, డిస్కు మీద ఒక్క బైటు కూడా మార్చకుండా. దానికి లూప్ డివైస్ ఉంది. సాధారణంగా ఐఎస్ఓ ఫైలునో, డిస్కు ఇమేజ్‌నో డిస్కులాగా చూపించడానికి వాడతాం. కానీ ఫైలు స్థానంలో నిజం డిస్కునే ఇచ్చినా తీసుకుంటుంది. లోసెటప్ కమాండ్‌కు సెక్టర్ సైజు 4096 అని చెప్పే ఆప్షన్ 2017 నుంచి ఉంది. దానికి ఈ డిస్కును చూపించి మూడు మాటలు చెప్పాలి: సెక్టర్ సైజు 4096, రీడ్-ఓన్లీ, పార్టిషన్లను కూడా వెతుకు. మూడోది మర్చిపోతే లూప్ డివైస్ ఒక్కటే వస్తుంది, దాని కింద పార్టిషన్ కనపడదు.

ఎంటర్ కొట్టి, మళ్ళీ ఎల్ఎస్‌బీఎల్‌కే. లూప్ కింద పార్టిషన్, 3.6టీ. దాన్ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే ఒక్క ఎర్రర్ లేకుండా ఎక్కింది. ఫోల్డర్ల పేర్లు తెర మీద వరసగా దిగాయి. తాడిపత్రి వైశాఖం, గుంతకల్లు మాఘం, కదిరి తేరు. వాడు కుర్చీ లాక్కుని ఒక్కొక్క ఫోల్డరూ తెరిచి ఫోటోలు చూడటం మొదలుపెట్టాడు. పెన్నహోబిలం పెళ్ళి ఫోల్డరు ముందు తెరిచాడు. దాంట్లో పెళ్ళికూతురి తాత పీటల పక్కన కూర్చుని అక్షింతలు ఏరుకుంటున్న ఫోటో ఉంది, ఎవరికీ పోజివ్వకుండా తన పనిలో తాను. అంత మంచి ఫోటో తీసిన తమ్ముడి మీద నాకు గౌరవం పెరిగింది. పెళ్ళి ఆల్బమ్‌లో అలాంటి ఫోటోకు పేజీ దొరకదు, కానీ ఆ ఇంటివాళ్ళు ఏళ్ళ తర్వాత వెతుక్కునేది దాన్నే అని వాడే చెప్పాడు.

చూసింది చాలు, కాపీ చేద్దామన్నాను. కొత్తగా ఎనిమిది టీబీ డిస్కు కొని పీసీలోనే బిగించాం. దానికి జీపీటీ టేబుల్ పెట్టి, ఒక ఎంబీ దగ్గర మొదలయ్యేలా ఒకే పార్టిషన్, అందులో లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4. ఎడిటింగ్ చేసేది విండోస్ మెషిన్లలోనే, వాటికి సాంబా ద్వారా నెట్‌వర్క్‌లో కనపడుతుంది. కాపీకి ఆర్‌సింక్ వాడాను. మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే మళ్ళీ మొదటికి పోకుండా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుంటుంది. ఇలాంటి డిస్కు సెకనుకు 150 ఎంబీ ఇచ్చినా నాలుగు టీబీకి ఏడు గంటలు దాటుతుంది, కాబట్టి రాత్రికి వదిలేసి ఇంటికి పోవడమే. పొద్దున అయిపోయాక అదే ఆర్‌సింక్‌ను చెక్‌సమ్ పోల్చే ఆప్షన్‌తో ఇంకోసారి నడిపించాను. రెండు వైపులా ప్రతి ఫైలునూ మొత్తం చదువుతుంది కాబట్టి దానికీ అంతే సేపు పడుతుంది. తేడా ఒక్కటీ రాలేదు.

చేయగలిగి కూడా చేయని పనులు కొన్ని ఉన్నాయి, వాటి గురించి అడిగేవాళ్ళు ఉంటారు.

పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్‌తో కూడా ఇది చూడవచ్చు. దానిలో జియోమెట్రీ అన్న మెనూలోకి వెళ్ళి సెక్టర్ సైజును 4096కు మార్చి, ఆ తర్వాత వెతకమనాలి. మార్చకుండా వెతికితే గంటల తరబడి తిరిగి, సైజులు పొసగని పార్టిషన్లు చూపించి భయపెట్టవచ్చు. దాని జంట ప్రోగ్రామ్ ఫోటోరెక్ నాకు చాలా ఇష్టం, కెమెరా కార్డులు ఫార్మాట్ అయిపోయినప్పుడు ఎన్నోసార్లు కాపాడింది. కానీ అది ఫైల్‌సిస్టమ్‌ను పట్టించుకోకుండా ఫైళ్ళను వాటి ఆకారం బట్టి ఏరుతుంది. పేర్లు, ఫోల్డర్లు పోతాయి. ఫైల్‌సిస్టమ్ నిక్షేపంగా ఉన్నచోట దాన్ని వాడటం అన్యాయం.

టేబుల్‌నే మార్చేసి, మొదలు 2048 అని, పొడుగు ఎనిమిది రెట్లు అని కొత్తగా రాసెయ్యొచ్చు కదా అని మా ల్యాబ్‌లో ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. లెక్క ప్రకారం సరిపోతుంది, జీపీటీ పెడితే రెండు టీబీ హద్దు కూడా ఉండదు. కానీ ఎన్‌టీఎఫ్ఎస్ లోపల తన సెక్టర్ 4096 అని రాసుకుని ఉంది, డిస్కేమో 512 అంటుంది. ఆ తగవును ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా తీరుస్తుందో దాని ఇష్టం. ఉన్న ఒక్క కాపీ మీద అలాంటి తగవు పెట్టను.

అన్నిటికంటే ప్రమాదం విండోస్‌లో వచ్చే ఇనిషియలైజ్ డిస్క్ పెట్టె. నాలాంటివాళ్ళకు ఎంబీఆర్ డిస్కు వచ్చింది కాబట్టి ఎనిమిదో వంతన్నా కనపడింది. డబ్బాలో ఉండగా జీపీటీ పెట్టిన డిస్కు అయితే ఇంకా కంగారు పుడుతుంది. జీపీటీ తన హెడరును ఒకటో నంబరు సెక్టర్లో రాస్తుంది, సున్నా తర్వాతది. డబ్బా లెక్కలో అది 4096వ బైటు. డబ్బా తీసేశాక కంప్యూటరు 512వ బైటు దగ్గర వెతుకుతుంది. అక్కడ ఏమీ ఉండదు. డిస్కు ఖాళీ అనుకుని ఇనిషియలైజ్ చెయ్యమనవచ్చు. సరే అని జీపీటీ ఎంచుకుంటే కొత్త పట్టిక 1024వ బైటు నుంచి 16 కేబీ మేర పరుచుకుంటుంది. పాత హెడరు ఉన్న 4096వ బైటు దాని కిందే. డిస్కు చివర ఉండే నకలు హెడరు కూడా అలాగే కొత్తదాని కింద పడుతుంది. ఫోటోలు అప్పటికీ పోవు, కానీ దారి చూపించే రెండు కాగితాలూ పోతాయి, అప్పుడు పని పదింతలవుతుంది. మీ డిస్కు ఈ రకమా అని తెలుసుకోవాలంటే హెక్స్‌డంప్‌లో 4096వ బైటు దగ్గర చూడండి. ఈఎఫ్ఐ, ఒక ఖాళీ, పార్ట్ అని ఎనిమిది అక్షరాలు కనపడితే అదే. పైన చెప్పిన లోసెటప్ పద్ధతి దానికీ మార్పు లేకుండా పనిచేస్తుంది.

పనిచెయ్యని రకం ఒకటుంది. కొన్ని డబ్బాల్లో చిప్ తనంతట తానే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి డిస్కు మీద రాస్తుంది, పాస్‌వర్డ్ మీరు పెట్టకపోయినా. అలాంటి డిస్కును విడిగా తగిలిస్తే ఎంబీఆర్ గుర్తు 55, ఏఏ కూడా కనపడదు, మొదటి సెక్టర్ నుంచే గజిబిజి. అప్పుడు సెక్టర్ సైజులతో కుస్తీ పట్టి లాభం లేదు. అదే మోడల్ డబ్బా ఇంకోటి సంపాదించడం మొదటి ప్రయత్నం. అది కుదరకపోతే ఆ చిప్ గురించి తెలిసినవాళ్ళ దగ్గరికే. అందుకే నా సలహా, ఇలాంటి డబ్బా డిస్కు మీ దగ్గర ఉంటే అది బాగున్న రోజే లినక్స్ మెషిన్‌కు తగిలించి, ఎల్ఎస్‌బీఎల్‌కేలో లాజికల్ సెక్టర్, ఎఫ్‌డిస్క్‌లో టేబుల్, రెండూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. స్టూడియోలో మిగిలిన డిస్కులన్నిటికీ వాడి చేత అదే చేయించాను, ఆ అంకెలు చీటీ మీద రాసి డబ్బా అడుగున అంటించాడు.

పాత డిస్కు మాత్రం వెంటనే చెరపలేదు. బాకీ ఉన్న ఆల్బమ్‌లన్నీ ప్రింటుకు పోయేదాకా బీరువాలో పెట్టించాను. తర్వాత దాన్ని పీసీలోనే రెండో బ్యాకప్‌గా బిగించాం, ఇక ఎప్పటికీ డబ్బా లేకుండా. ఎఫ్‌డిస్క్‌లో కొత్త జీపీటీ పెట్టి మొదటి పార్టిషన్ చెయ్యగానే, ఇక్కడ ఎన్‌టీఎఫ్ఎస్ సిగ్నేచర్ ఉంది, తీసెయ్యాలా అని అడిగింది. కొత్త పార్టిషన్ 2048వ సెక్టర్ దగ్గర మొదలైంది, 512 చొప్పున అది ఒక ఎంబీ. పాతది 256 దగ్గర, 4096 చొప్పున అదీ ఒక ఎంబీయే. అవును అని కొట్టి, మార్పులు రాయించి, ఈఎక్స్‌టీ4 పెట్టాను. ఇప్పుడు రోజూ రాత్రి పదకొండింటికి పెద్ద డిస్కు నుంచి దీనిమీదికి ఆర్‌సింక్ నడుస్తోంది.